గుండెలో మిషను, షెడ్డులో మిషను

గేట్లు చేసే మేస్త్రికి చేతిలో పని, అతని భార్యకు నోట్లో మాట. ఇద్దరూ ఉంటేనే ఆ వెల్డింగు షెడ్డు నడుస్తుందని వీధంతా అనుకునేవారు. ఇరవై రెండేళ్లు అతని పక్కనే పీట వేసుకుని కూర్చుంది ఆవిడ. రాడ్లు అందించేది, అతుకు మీద గట్టిపడ్డ చిట్టెం సుత్తితో కొట్టి రాల్చేది, కరెంటు ఎక్కువై ఇనుము చిల్లు పడబోతే చప్పుడు విని చెప్పేది. "నా చెవులే లేకపోతే నీ గేట్లన్నీ జల్లెడలయ్యేవి" అని దెప్పేది. అతను ముసుగు వెనక నవ్వుకునేవాడు.

తర్వాత ఆవిడ గుండె కొట్టుకోవడం మందగించింది. ఛాతీలో చిన్న మిషను పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "వెల్డింగుకు దూరంగా ఉండాలి, ఆ కరెంటు దీన్ని తికమక పెడుతుంది" అన్నాడు. ఎంత దూరమని అడగాలని తోచలేదు మేస్త్రి మహానుభావుడికి. భయం పట్టినవాడికి తాడు కూడా పామే.

వారం తిరగకుండా ఇంటిముందు షెడ్డు ఎత్తేసి రెండు వీధుల అవతల పెట్టాడు. ఆవిడ అటు వస్తే చాలు, పనివాళ్ల ముందే కసిరేవాడు. "చెప్తే వినవేం? చావాలనుందా?" నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ తిట్లు తిని, ఆవిడ రావడం మానేసింది. ఇంట్లోనూ మాటలు తగ్గాయి. "అన్నం పెట్టనా?" "పెట్టు." అంతే.

రెండేళ్లకు, మిషను పరీక్ష చేస్తున్న కొత్త డాక్టరమ్మ మేస్త్రి చేతుల మీది కాలిన మచ్చలు చూసింది. "వెల్డింగు చేస్తారా? ఈవిడ మీ పని మీదకి వంగకుండా, తీగలు తాకకుండా ఉంటే చాలు. అదే షెడ్డులో అవతలి గోడ దగ్గర కూర్చోవచ్చు."

తిరిగొచ్చే బస్సులో మేస్త్రి కాళ్లు నేల మీద నిలవలేదు. "విన్నావుటే? రేపే గోడవారన కుర్చీ వేస్తా."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నాకు తెలుసు" అంది. "ఆపరేషనైన రోజే నర్సునడిగాను. ఇదే చెప్పింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చాను, నాలుగుసార్లు. నోరు తెరవనిచ్చావా? మూలపడ్డదాన్ని కదా, నేనంటే విసుగొచ్చిందేమో అనుకున్నాను."

"నీ మీద విసుగా? భయమే, నువ్వు పోతావని" అన్నాడు. ఏడుపు ఆగలేదు.

"ఆ మాటైనా చెప్పాల్సింది" అంది ఆవిడ. "ఇప్పుడు నాకు రావాలని లేదయ్యా."

స్టాపు వచ్చింది. ఆవిడ అతని కోసం ఆగకుండా దిగి నడిచింది.