కాసిల్డా తోటలో గడ్డి

మా హాయెన్ కొండల్లో ఆలివ్ చెట్టు కింద గడ్డి కనబడితే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుంటారు. నేల ఊడ్చిన వాకిలిలా ఉండాలి. అలాంటి చోట కాసిల్డా రెండేళ్ళుగా కావాలనే గడ్డి పెంచింది. ఆమెది ఏటవాలు తోట, వానే ఆధారం. ఏటా మట్టి జారి వేళ్ళు బయటపడుతున్నాయి. దాన్ని పట్టి ఉంచేది గడ్డేనని ఆమె నమ్మకం.

"గొర్రెల్ని ఎప్పుడు కొంటున్నావు కాసిల్డా?" అని బార్‌లో అడిగేవారు.

"గొర్రెలెందుకూ, నువ్వు రారాదూ మేయడానికి," అనేది.

ఆమె తమ్ముడు బసీలియోకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. కొండ కింద అతనిది బోరు తోట. చెట్టు చెట్టుకూ డ్రిప్పు, పక్కనే పెద్ద నీటి కుంట. ఆ బోర్ల మూలంగా ఊరి ఊట సన్నబడిందని నా ఏడుపు నాకుంది, కానీ వినేదెవరు?

సెప్టెంబరులో కాసిల్డా కంటి ఆపరేషన్‌కు పట్నం వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తోటంతా దున్నేసి ఉంది.

"నీకు శ్రమ లేకుండా నేనే శుభ్రం చేయించానక్కా," అన్నాడు బసీలియో, ముఖం వెలిగిపోతూ.

నేనైతే చెడామడా తిట్టేదాన్ని. ఆమె ఆ సాయంత్రమే రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

ఆ ఏడు కాయ ముడుచుకుపోతోందని ఊరంతా వాన కోసం మొక్కుకుంది. కాసిల్డా ఒక్కతే మబ్బును చూసి వణికేది. దున్నిన నేలకు అడ్డంగా రాళ్ళూ ఎండుకొమ్మలూ పేరుస్తూ, కంట్లో మందు కూడా మరిచిపోయి తిరిగింది.

"వాన రాకపోతే పంట లేదు, వస్తే నేల లేదు. దేవుణ్ణి ఏమని అడగనే?" అంది నాతో.

"మెల్లగా కురవమను," అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

మెల్లగా కురవలేదు. ఒక మధ్యాహ్నం కుండపోతగా పడింది. బార్‌లో చప్పట్లు కొట్టారట. మేమిద్దరం ఆమె పాకలో నిలబడి, వరసల మధ్య ఎర్రనీళ్ళు కాలవలు కట్టడం చూశాం. రాళ్ళూ కొమ్మలూ ముందే కొట్టుకుపోయాయి. ఆమె నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది.

వాన వెలిశాక కిందికి దిగాం. బసీలియో కుంట నిండా ఎర్ర బురదే. అతను గట్టున బిక్కచచ్చి నిలబడి ఉన్నాడు.

"ఎండాక ట్రాక్టరు పెట్టి ఈ మట్టంతా పైకి నీ తోటకి తోలిస్తానక్కా."

కాసిల్డా వంగి గుప్పెడు బురద తీసి, వేళ్ళతో నలిపి చూసింది.

"నీ దగ్గరే ఉండనీరా. గడ్డి లేని నేలలో పోస్తే మళ్ళీ ఇక్కడికేగా వచ్చేది."

ఆ మాటలో కోపముంటే బసీలియో తట్టుకునేవాడేమో. గట్టు మీదే కూలబడి ఏడ్చాడు.