దున్ని ఉంచిన నేల

రెండువేల సంవత్సరం మొదట్లో కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వైటూకే పని ముగియగానే సిడ్నీలో నా ఉద్యోగం పోయింది. తెలిసినవాళ్లు చాలామందే ఉన్నా ఎవరినీ పని అడగలేదు. మా తాతల నాడు పని అడగడానికి జనం మా లోగిలికి వచ్చేవారు. మేం ఒకరిని అడగడమేమిటి?

ఆ రోజుల్లో ఒకసారి క్వేకర్స్ హిల్‌లో రైలెక్కితే ఎదుటి సీటులో ఒక తెలుగు పెద్దాయన కూర్చుని ఉన్నారు. గోధుమ సాగు మీద రీసెర్చ్ చేసి రిటైరయ్యారట.

"ఏ ఊరు బాబూ? పొలాలున్నాయా?"

"తూర్పు గోదావరి అంకుల్. ఉండేవి. మిగిలిన కాస్తా బీడే," అన్నాను. "ఉద్యోగం పోయి ప్రస్తుతం నేనూ అంతే." ఆ మాట ఎలా జారిందో తెలియదు.

ఆయన నవ్వలేదు. "బీడును ఇక్కడ ఫ్యాలో అంటారు, విన్నావా? ఖాళీగా పడున్న నేల అనుకుంటారు అందరూ. పాత ఇంగ్లీషులో దానికి దున్నిన నేల అని అర్థం. తర్వాత, దున్ని విత్తకుండా ఉంచిన నేల అయింది. చివరికి దున్నడం మరిచిపోయి ఖాళీ ఒక్కటే మిగిల్చారు. గోధుమ రైతు మాత్రం ఇప్పటికీ కలుపు తీస్తూ, పడ్డ వానను వచ్చే పంటకు అందులో దాస్తాడు."

"నన్ను ఓదార్చనక్కర్లేదండీ," అన్నాను బిగుసుకుని.

"ఓదార్పు కాదయ్యా. దున్నుతున్నావా, ఊరికే పడున్నావా అని అడుగుతున్నా."

జవాబు చెప్పేలోగా పరమట్టా వచ్చింది. ఆయన నా భుజం తట్టి దిగిపోయారు. తర్వాతి స్టేషన్లో నేనూ దిగి, పబ్లిక్ ఫోన్ నుంచి పాత సహోద్యోగికి ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలయ్యాక గొంతు సవరించుకుని, "మీ ఆఫీసులో ఏదైనా పనుంటే చెప్పండి," అన్నాను. మా ఇంట్లో ఆ మాట అన్న మొదటివాణ్ణి నేనే.