ఫీజు నగదుగా, పరిహారం కూపన్లుగా

2021. కరోనా రెండో వేవ్ తగ్గి, సూరత్ వినియోగదారుల కమిషన్‌లో విచారణలు మళ్లీ మొదలైన రోజులు. నేను ఇక్కడే పుట్టి పెరిగిన వకీలును. మా నాన్న మగ్గాల మీద పనిచేయడానికి తెలంగాణ నుంచి వచ్చారు. అందుకే ఊరి శివారు వడోద్‌లో ఉండే మన తెలుగువాళ్లు ఏ తగాదా వచ్చినా నా దగ్గరికే వస్తారు.

మొదటి లాక్‌డౌన్‌లో ఒక ట్రావెల్స్ యజమాని జగిత్యాలకు బస్సులు నడుపుతానని వాళ్ల దగ్గర టికెట్ డబ్బులు వసూలు చేశాడు. బస్సులు రాలేదు, డబ్బూ తిరిగి రాలేదు. అందరి తరఫున మల్లేశం, రాజవ్వ అనే ఇద్దరి పేర్లతో ఫిర్యాదు వేశాను. ఒకే రకంగా నష్టపోయిన చాలామంది కోసం కొందరు వేసే ఇలాంటి కేసును క్లాస్ యాక్షన్ అంటారు. ఇందులో రాజీ కుదిరితే అందరికీ వర్తిస్తుంది. అందుకే దానికి కమిషన్ అనుమతి కావాలి.

కొన్ని వాయిదాల తర్వాత యజమాని తరఫు లాయర్ రాజీకి వచ్చాడు. ప్రయాణికులకు ట్రావెల్ కూపన్లు ఇస్తారట. నా ఫీజు మాత్రం యజమానే వేరుగా, నగదుగా, వెంటనే ఇస్తాడట.

వడోద్‌లో అందరినీ కూర్చోబెట్టి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఏదో ఒకటి దొరుకుతుంది గదా, తీస్కుందాం. కోర్టు చుట్టూ ఎన్నొద్దులు తిరుగుతం?" అన్నాడు మల్లేశం. చాలామంది తలూపారు.

రాజవ్వ చీరలకు లేసులు కుడుతుంది. ఆ బస్సు కోసం ఎదురుచూస్తుండగానే ఊళ్లో ఆమె అక్క చనిపోయింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు.

"ఆ బస్సు నేనింక ఎక్క బిడ్డా," అంది నెమ్మదిగా. "నీ ఫీజు గూడ కూపన్లల్లనే ఇస్తుండ్రా?"

"లేదమ్మా. నగదే."

"మరి మాకెందుకు గిట్ల?"

మర్నాడు అవతలి లాయర్‌కు ఫోన్ చేశాను. "అయితే నా ఫీజు కూడా కూపన్లలోనే ఇవ్వండి."

ఆయన నవ్వాడు. "వాటితో మీరేం చేసుకుంటారు మేడమ్?"

"మావాళ్లూ అదే అడుగుతున్నారు."

వాయిదా రోజున వాళ్లకు కూపన్లు, నాకు నగదు అన్న రెండు షరతులనూ కమిషన్ ముందు పెట్టాను. అధ్యక్షురాలు చదివి, అవతలి లాయర్ వైపు చూసి, "ఒకరికి నగదు ఇవ్వగలిగినప్పుడు మిగతావాళ్లకు ఎందుకు ఇవ్వలేరు?" అని అడిగారు. రాజీకి అనుమతి దొరకలేదు.

కేసు సాగింది. మధ్యలో మల్లేశం నా మీద గట్టిగానే విసుక్కున్నాడు. "అప్పుడే రాజీ అయిపోతుండె, నువ్వే చెడగొట్టినవ్," అన్నాడు. అతని కోపంలో అన్యాయమేమీ లేదు. మగ్గాలు పూర్తిగా నడవని రోజులవి, ఇంటద్దె ఆగదు. నేను కూడా కొన్ని రాత్రులు తప్పు చేశానేమోనని అనుకున్నాను. చివరికి కమిషన్ అనుమతితో కొత్త రాజీ కుదిరి, యజమాని టికెట్ డబ్బు విడతలవారీగా నగదుగా తిరిగిచ్చాడు. అందరికీ అందాకే నా ఫీజు ఇవ్వాలన్న షరతు రాజీపత్రంలో నేనే రాయించాను.

డబ్బు తీసుకున్న రోజు రాజవ్వ సంతోషంగా ఏమీ కనిపించలేదు. "ఈసారన్న మా అక్క సంవత్సరీకానికి రైల్ల పోతా," అని మాత్రం చెప్పింది.

ఇప్పుడు ఉమ్మడి కేసు ఏది వచ్చినా నా ఫీజు ఎంతో, ఎవరిస్తారో, ఎప్పుడిస్తారో మొదటి రోజే అందరి ముందు చెబుతాను. ఇది నా మంచితనం మీద ఆధారపడే విషయం కాకూడదు. కక్షిదారులకు ఏ రూపంలో అందితే లాయర్‌కూ అదే రూపంలో, వాళ్ల తర్వాతే అందాలని చట్టమే చెప్పాలి. అలా ఉండి ఉంటే, ఆ రోజు రాజవ్వ నన్ను ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే వచ్చేది కాదు.