మామకు తగిన పోలిక

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒకరోజు మా అత్త నా పులుసు నోట్లో వేసుకొని, "పరాయి ఊళ్ళో బండి దిగిన చుట్టం మాదిరి ఉండాది ఈ పులుసు. ఎవురితోనూ కలవదు" అంది. ఇంట్లో అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చింతపండు ఎక్కువైందనో, పప్పు ఉడకలేదనో చెప్పి ఊరుకోవచ్చు కదా! నిజమే, అలా చెప్పి ఉంటే ఆ పూటకే మరిచిపోయేదాన్ని. ఇన్నేళ్ళయినా పులుసు దించే ముందు కాస్త నాలిక మీద వేసుకొని, చుట్టం కలిసిందా లేదా అని చూసుకుంటాను.

నేను విరుదునగర్ పిల్లను. పాతవాళ్ళు అప్పటికింకా విరుదుపట్టి అనే అనేవారు. మా నాయన మిరపకాయల మండీలో కాటా దగ్గర పనిచేసేవాడు. మా ఇంట్లో మాటలు కూడా తూకం వేసినట్టే ఉండేవి. ఎంత, ఎప్పుడు, ఎక్కడ, అంతే. మా నాయనకు అక్క మా అత్త. కోవిల్‌పట్టికి అవతల, కరిసల్ అని అక్కడివాళ్ళు పిలిచే నల్లరేగడి నేలలో, పత్తి, సజ్జ, మిరప పండించే పల్లెకు ఆమెనిచ్చారు. పంతొమ్మిది వందల ఇరవైలు ముగుస్తున్న రోజుల్లో ఆమె కొడుక్కే నన్నిచ్చారు. మేనత్త కదా, ముద్దు చేస్తుందనుకున్నాను. చేసింది, కాదనను. నోటితో గిల్లి గిల్లి చేసింది.

ఆమెకు చందమామ, తామరపువ్వు తెలియక కాదు. పెళ్ళిళ్ళలో పాట ఎత్తుకుంటే అవన్నీ వరసగా వచ్చేవి. ఇంట్లో మాత్రం వాటి జోలికి పోయేది కాదు. ఒకసారి అడిగాను, నా మొహం మీద ఒక్కసారైనా చందమామ అనరాదా అత్తా అని. "అవి పెళ్ళికి ఎరవు తెచ్చే జంపఖానాలే. ఊరంతా కూచుని లేస్తారు వాటి మీద. నీకెందుకు?" అంది. మరి నాకేం ఇస్తావని అడిగితే, "నీకా? చూస్తా ఉండు" అని పనిలో పడిపోయింది. ఆ వారమంతా ఏమంటుందోనని నాకు గుబులు.

మామ సంగతి చెప్పాలి. మంచి మనిషే కానీ కోపిష్టి. కేకలేస్తే ఎడ్లు కూడా చెవులు నిక్కబొడుచుకునేవి. అత్త మాత్రం లెక్కచేసేది కాదు. "పత్తికట్టెల మంట. బగ్గున లేస్తది, కుండ కాగేలోగా ఆరిపోతది" అనేది. ఆమె అసలు పోట్లాటంతా ఆయన తిండి దగ్గర. సజ్జసంకటి మాని వరన్నం వండిన రోజు మామ ఆకు ముందు కూచున్నాడంటే, అన్నాన్ని వేళ్ళతో ఆకు అంచులదాకా పరిచేవాడు. అది చల్లారాక అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వచ్చేవాడు. చుట్టాల ముందూ అంతే. అత్తకు తల కొట్టేసినట్టుండేది. "కళ్ళంలో మిరపకాయలు ఆరబోసినట్టు ఏందిది? కాకులు తోలేదానికి నేనొక కట్టె పట్టుకొని కూచోవాలా?" అని అప్పుడల్లా దులిపేది. ఆయన వింటేగా!

ముప్పైల మొదట్లో ఒక వేసవి, మామ మిరపకాయల బండి కట్టుకొని విరుదునగర్ వెళ్ళాడు. వెళ్ళినాక తెలిసింది, ఆ ఊళ్ళో కలరా వచ్చిందని. మా నాయన అప్పటికే కాలం చేశాడు, అక్కడ మావాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు. రావలసిన రోజు దాటింది. మామ రాలేదు. నా పెనిమిటి ఎడ్ల బేరానికి సాత్తూరు పోయి ఉన్నాడు. ఇంట్లో అత్తా నేనూ మాత్రమే. ఇద్దరం దారికేసి చూడనట్టు నటిస్తూ దారికేసే చూస్తున్నాం.

అలా ఉండగా ఒక పొద్దున, అరుప్పుకోట్టై నుంచి నూలు తోలే ఒక తమిళ బండివాడు మా వాకిట్లో వచ్చి నిలబడ్డాడు. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. విరుదునగర్ సత్రంలో తన పక్కన దిగిన తెలుగాయన కలరా తగిలి పోయాడనీ, ఊరివాళ్ళే తీసుకుపోయి దహనం చేశారనీ, కోవిల్‌పట్టి పక్క పల్లె అని మాత్రం ఆయన చెప్పుకున్నాడనీ చెప్పాడు. ఒక పేరు చెప్పాడు. అది మామ పేరే.

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పకపోతే మీకు అర్థం కాదు. పెద్ద మనవడికి తాత పేరు పెట్టి తీరాలి. తాతకు ఎందరు కొడుకులుంటే అన్ని ఇళ్ళలోనూ అదే పేరు. వాళ్ళ మనవళ్ళకూ అదే. కాబట్టి ఆ చుట్టుపక్కల మామ పేరుగలవాళ్ళు ఊరికొకరు. అందులోనూ పెళ్ళాం మొగుడి పేరు పలకకూడదు, కోడలు అసలే పలకకూడదు. అందుకని ఏ మనిషినైనా గుర్తుపట్టాలంటే మాకు మిగిలేది పోలికే.

పక్కింటి అవ్వ పరుగెత్తుకొచ్చింది. చావింట ఒప్పారి అనే ఏడుపుపాట ఎత్తడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. ఆమే అడిగింది, మనిషి తాడిచెట్టంత పొడుగా అని. అవునన్నాడు బండివాడు. చిలకముక్కా అంది. అవునన్నాడు. కారునలుపా అంది. అదీ అవునే. కరిసల్ నేలలో మగవాళ్ళు సగానికి సగం ఆ మూడు మాటల్లో ఇమిడిపోతారు! ఆ గడియలో అది ఎవరికి తడుతుంది? అవ్వ గుండెలు బాదుకుంది. నేను గడపలో కూలబడ్డాను. అత్త మాత్రం గోడకానుకొని నిలబడి ఆ బండివాడి మొహమే చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి వాకిలి నిండా ఆడవాళ్ళు. ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకొని గుండ్రంగా కూచున్నారు. పోయిన మనిషిని ఒక్కొక్క పోలికతో పిలుస్తూ ఏడవడమే ఒప్పారి. మొదటి మాట పెళ్ళానిది. ఆమె ఎత్తుకున్నాకే తక్కినవాళ్ళు అందుకోవాలి. అత్తను మధ్యలో కూచోబెట్టారు.

"తాడిచెట్టు మాదిరి నిలిచినోడా..." అని ఎత్తింది అత్త. ఆగిపోయింది. వాళ్ళు అందుకోబోయి ఆగారు.

"కాదు. నిలిచే మనిషి కాదాయన. ఒక తావున నిలిస్తే కదా" అంది.

అవ్వ వీపు నిమిరి, "పోనీలేమ్మా, సింగం మాదిరి అను" అంది.

"సింగమా? పత్తికట్టెల మంట ఆయన." ఎవరో ముక్కున వేలేసుకున్నారు. అత్త వాళ్ళను పట్టించుకోలేదు. లోకమంతా ఒప్పుకున్న మాటలు ఒక్కొక్కటే తీసి, మామకు కట్టి చూసి, చాలక పక్కన పడేస్తున్నట్టుంది. ఆమె కుడిచెయ్యి నేల మీద ఊరికే కదులుతోంది. మట్టిని వేళ్ళతో పక్కలకు పరుస్తోంది. ఒక్కసారి ఆ చేతిని తనే చూసుకుంది. అంతే, దిగ్గున లేచింది.

బండివాడు వేపచెట్టు కింద మజ్జిగ తాగుతున్నాడు. అత్త పోయి అరవంలో అడిగింది, సత్రంలో అతని పక్కన కూచొని తిన్నావా అని. ఒకే పొయ్యి మీద వండుకొని పక్కపక్కనే తిన్నామన్నాడు.

"అన్నం ఎట్లా తినేవాడు? కళ్ళంలో మిరపకాయలు ఆరబోసినట్టు ఆకంతా పరిచేవాడా?"

బండివాడు గ్లాసు దించి ఆలోచించాడు. "లేదమ్మా. అంతా ఒక మూలకు కుప్ప చేసుకొని తినేవాడు. ఆకులో సగానికి మెతుకు తగిలేది కాదు."

"ఒక పూటేనా?"

"ఒళ్ళు బాగున్నన్ని పూటలూ అంతే."

అత్త వెనక్కి తిరిగి మా అందరికీ వినబడేలా అంది, "ఆయన మన మనిషి కాదు. లేచి మీ ఇండ్లకు పోండి."

ఎవరూ కదల్లేదు. మెతుకులు చూసి మనిషి బతుకు తేలుస్తావా, పిచ్చి పట్టిందా నీకు, అని అవ్వ కసిరింది. అత్త బొట్టు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. నా పెనిమిటిని సాత్తూరులో కలిసి, అట్నుంచి అటే విరుదునగర్ పోయి చూసి రమ్మని ఊళ్ళోవాళ్ళలో ఒకరిని కోవిల్‌పట్టి రైలుకు పంపారు. అత్త లోపలికొచ్చి సజ్జలు దంచడం మొదలుపెట్టింది. రోకలి ఒక పోటు రోట్లో, ఒక పోటు నేల మీద పడుతోంది.

"అత్తా, భయంగా లేదా?" అన్నాను.

"భయమా? చచ్చిపోతా ఉండానే." రోకలి వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళూ నోటికొచ్చినట్టల్లా ఆయన్ని అన్నాను. అన్నవాటిలో ఆ ఒక్కటన్నా సరిగ్గా అని ఉంటే చాలు తల్లీ." మా అత్త నోరు తడబడటం నేను చూసింది ఆ ఒక్కనాడే.

మరునాడు మధ్యాహ్నం బండి వచ్చింది. బండి మీద మామ. దుమ్ము కొట్టుకుపోయి, గడ్డం మాసి, నిక్షేపంగా ఉన్నాడు. కలరా కబురు విని సత్రంలో దిగనే లేదట. మండీలు మూతపడితే ఊరి బయట చేలల్లోనే ఎడ్లను కట్టుకొని, అవి తెరిచేదాకా కాచుకున్నాడట. వాకిట్లో ఆడవాళ్ళ గుంపు చూసి బిత్తరపోయాడు. సంగతి తెలిశాక, "నేను చచ్చానన్నవాడెవడ్రా!" అని ఊరు దద్దరిల్లేలా అరిచాడు. నాకు ఆ అరుపు ఎంత కమ్మగా వినిపించిందో! స్తంభం పట్టుకొని భోరున ఏడ్చేశాను. పోయినది కోవిల్‌పట్టికి ఇంకోపక్క పల్లెలో ఉండే తన పేరు వాడేనని, దారిలో కలిసినప్పుడు సత్రంలో దిగుతానన్నాడని, మైల అంటనంత దూరపు చుట్టమని మామే తేల్చాడు. చెబుతూ చెబుతూనే కోపం చల్లారి, తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. పోయినవాడి ఇల్లాలిని తలుచుకుంటే నాకూ పాపమనిపించింది. అయినా నిజం చెప్పొద్దూ, ముందు నాకు ఊపిరాడింది. మామ స్నానానికి లేచాకే ఆ ఇల్లాలికి చేయగలిగింది తోచింది, ఆ ఇంటికి కబురు పంపించాం, విరుదునగర్‌లో వెతుకుతున్న నా పెనిమిటికి కూడా.

అత్త లోపలికి పోయింది. వరన్నం వండి ఆకు వేసింది. మామ కూచున్నాడు. వేళ్ళు పెట్టి అన్నమంతా అంచులదాకా పరిచాడు. అవ్వ, నేను, వాకిట్లో మిగిలిన ఆడవాళ్ళూ తలుపు పట్టుకొని చూస్తున్నాం. అత్త ఆయనకెదురుగా కూలబడి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

"ఏందే, నువ్వు ఏడిస్తే అన్నం చల్లారతదా?" అన్నాడు మామ. తర్వాత అవ్వకేసి చూసి, ఒప్పారిలో నన్నేమని ఎత్తుకుంది అని అడిగాడు.

"తాడిచెట్టన్నది. ఆ పైన నోరు పెగల్లేదు నీ పెళ్ళానికి" అంది అవ్వ.

"తాడిచెట్టేనా? కోడలి పులుసుకు పూటకొక పోలిక పుడతది. ఇన్నేళ్ళ కాపురానికి నాకు తగిన మాట ఒకటి దొరకలేదా?"

అత్త కళ్ళు తుడుచుకొని, పులుసు గిన్నె దగ్గరికి లాక్కుంది.

"వెతకతా ఉండాను. మీకేం తొందర?" అంది. "తినండి."