ఫ్రిజ్ వెనక పొయ్యి

మా బావ ఇల్లు బండి కొన్నాడు. అంటే మంచం, వంట పొయ్యి, సింకు, ఫ్రిజ్ అన్నీ లోపల బిగించిన ఒక పాత వ్యాను. ఆయన సొంత ఇంట్లో బాత్రూం తలుపుకు గడియ లేదు, మూడేళ్లుగా బకెట్ అడ్డం పెట్టుకుంటున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెత ఈయన్ని చూసే పుట్టి ఉంటుంది. బండి వచ్చిన రోజు నుంచి నల్ల కళ్లద్దాలు తీస్తే ఒట్టు.

"పది రోజులు తిరుగుదాం బామ్మర్ది. హోటళ్ల పరేషానే లేదు" అన్నాడు. నాకు ఆయనతో పది నిమిషాలే ఎక్కువ. ఒప్పుకున్నది అమ్మ కోసం. ఆమెకు షుగర్, ఇన్సులిన్ సూది తనే వేసుకుంటుంది. ఆ మందు చల్లగా ఉండాలి, మా ఎండల్లో బయట పెడితే పాడవుతుంది. అందుకే ఆరేళ్లుగా అమ్మ బీదర్ దాటి ఒక్క రాత్రి కూడా నిద్ర చేయలేదు. దుబల్‌గుండిలో సొంత చెల్లెలి ఇంటికి పోయినా, అక్కడి కరెంటును నమ్మలేక సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేది. బండిలో గ్యాసుతో నడిచే ఫ్రిజ్ ఉందని తెలిసిన రోజే ఆమె సంచి సర్దుకుంది. ఆ ఫ్రిజ్ వెలిగితే అమ్మ వస్తుంది, వెలగకపోతే లేదు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం బావ బండిని మా ఇంటి ముందు నిలిపాడు, తన గల్లీలో పట్టదట. నేనే ఫ్రిజ్ వెలిగించాను. కొల్హార్‌లో ఫ్యాక్టరీ బర్నర్ల దగ్గర ఇరవై ఏళ్లు పని చేసినవాణ్ణి, నలుగురి ముందు వెలిగించకుండా ఉంటానా?

"మంటతోని సల్లగయితదంటవేంది బిడ్డా? ఏడుంది మంట?" అని అడిగింది అమ్మ.

ఆమెను బయటికి తీసుకెళ్లి, బండి పక్కన ఫ్రిజ్ వెనక వైపుకు ఉండే జాలీ మూత తీశాను. లోపల చిటికెనవేలంత నీలి మంట. "గిదే దీని పొయ్యి. గిది మండితేనే నిన్ను తీస్కపోవుడు" అన్నాను. గొట్టాల గురించి, వాటిలో తిరిగే నీళ్లూ అమ్మోనియా గురించి ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. అమ్మ "అబ్బో" అని చాలాసేపు ఆ మంటనే చూసింది. నా తెలివికి మురిసిపోతోందనుకున్నాను.

రాత్రంతా మండనివ్వమని నేను చెబితే, గ్యాస్ దండగని బావ ఇంటికి పోతూ పోతూ ఆర్పేసిపోయాడు. ఆయన పొదుపు తగలెయ్య.

పొద్దున ఎనిమిదికి అమ్మ మందు సీసాల డబ్బా పట్టుకుని నిలబడింది. అక్క సామాను ఎక్కించింది. నేను గ్యాస్ మీట నొక్కిపట్టి, వెలిగించే బటన్ నొక్కాను. వెలగలేదు. మళ్లీ నొక్కాను. ఊహూఁ.

వంట పొయ్యి ముట్టించి చూశాను, భగ్గున అంటుకుంది. అంటే సిలిండర్‌లో గ్యాస్ ఉంది. ఫ్రిజ్ పైపులో గాలి చేరిందేమోనని మీటను నిమిషం పైగా నొక్కి పట్టాను. వేలు తిమ్మిరెక్కింది గానీ మంట రాలేదు. ఈలోగా బావ ఆ బండి అమ్మినవాడికి ఫోన్ చేశాడు.

"ఒకసారి బండి బంద్ జేసి సురూ జెయ్యమంటుండు బామ్మర్ది."

"ఇంజనుకు, గీ గ్యాస్ మంటకు ఏం సంబంధం బావా? ముందు నీ దిమాక్ బంద్ జేసి సురూ జెయ్యి."

అక్క నవ్వాపుకోలేక అటు తిరిగింది. బావ మాత్రం నిజంగానే బండి ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాడు. ఇలాంటివాళ్లకు లైసెన్స్ ఎవరిస్తారో!

ఇంజన్ ఆపించి, ఫ్రిజ్‌కు చెవి ఆనించి విన్నాను. నిన్న బటన్ నొక్కితే టక్ టక్‌మని గట్టిగా వినిపించిన నిప్పురవ్వ చప్పుడు ఇవాళ లేదు. బయటికి వెళ్లి జాలీ మూత తీశాను.

లోపల రవ్వ పుట్టించే పింగాణీ పుల్లకు మొదలు నుంచి కొస దాకా తడి పసుపు పూసి ఉంది. దాని మీద కుంకుమ బొట్టు. బర్నర్ మీద అక్షింతలు. కరెంటు రవ్వగా దూకకుండా ఆ తడి మీదుగా జారిపోతోంది.

నాకు ఒళ్లు మండింది. ఇది బావ పనే అనుకున్నాను. టైర్లకు, అద్దానికి, ఆఖరికి సింకు కుళాయికి కూడా బొట్లు పెట్టినవాడు ఆయనే. గల్లీ గల్లీ వినేలా అరిచాను.

"ఏ దిమాక్ లేనోళ్లు చేసిండ్రు ఇది? అన్నం తింటున్నరా, గడ్డి తింటున్నరా?"

బావ మొదటిసారి కళ్లద్దాలు తీశాడు. "నీ తోడు బామ్మర్ది, నేను అటు దిక్కే పోలే."

"మరి దయ్యం పెట్టిందా? అక్షరం ముక్క రాని మందను ఏస్కొని తిరిగేకన్న ఇంట్ల పడి ఉండుడు నయం!"

అమ్మ కుడిచేతి వేళ్లను కొంగులో దాచుకుంటోంది. వాటి కొసలు పచ్చగా ఉన్నాయి.

"పొద్దుగాల నేనే పెట్టిన బిడ్డా" అంది. "కొత్త పొయ్యికి బొట్టు పెట్టకుంట పయనమెట్ల? నన్ను తీస్కపొయ్యేది గదేనంటివి."

మా ఇంట్లో బొట్టు పెట్టకుండా వాడిన కొత్త పొయ్యి లేదు. దసరాకు ఫ్యాక్టరీలో బర్నర్లకు నేనూ పసుపు పూసినవాణ్ణే. ఎక్కడ పూయాలో నాకు తెలుసు, ఆమెకు తెలియదు, అంతే తేడా. మూత తీసి గొప్పగా చూపించినవాణ్ణి, లోపల చెయ్యి పెట్టొద్దని ఒక్క ముక్క చెప్పలేదు.

గ్యాస్ కట్టేసి, పింగాణీని పొడిబట్టతో తుడిచి, అక్షింతలు దులిపాను. అంతా ఆరాక బటన్ నొక్కాను. టక్ టక్, మంట అంటుకుంది. "అయిపోయింది, ఎక్కమ్మా" అన్నాను, ఏమీ జరగనట్టు. తప్పయిందని అనలేదు. అంత చిన్న మాట నా నోట పలకలేదు.

అమ్మ డబ్బా పట్టుకుని గడప దగ్గరే నిలబడింది. "మీరు పోయి రాండి. నేనేడ ఏం ముట్టుకుంటె ఏం ఖరాబయితదో. ఇంట్ల ఫ్రిజ్ అయితే నాకు ఎరుకే." అక్క చెయ్యి పట్టుకుని బతిమాలింది. అమ్మ చెయ్యి విడిపించుకుని, బండిలోంచి తన సంచి తనే దింపుకుంది.

నేనైనా ఆగిపోవాల్సింది. "మళ్ల ఆరిపోతే ఎట్ల బామ్మర్ది?" అన్నాడు బావ. అదే సాకుగా ఎక్కి కూర్చున్నాను.

పది రోజుల్లో ఆ మంట ఒక్కసారి కూడా ఆరలేదు. ఫ్రిజ్‌లో బావ సోడా సీసాలున్నాయి.