ముప్పై ఆరు పేపర్లలో ఒకే తప్పు

మంచిర్యాల వైపు ఒక చిన్న డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవాణ్ణి. రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, మే నెలలో, కరీంనగర్‌లో స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడింది. అంటే జవాబు పత్రాలన్నీ ఒకచోట చేర్చి, మమ్మల్ని అక్కడే కూర్చోబెట్టి దిద్దించడం. నంబరు కనబడకుండా కోడ్ వేస్తారు. మేం దిద్దిన కట్టలోంచి కొన్నింటిని చీఫ్ ఎగ్జామినర్ మళ్లీ చూస్తాడు. పాశ్చాత్య రాజకీయ చింతన పేపరు ముప్పై ఏళ్లుగా దిద్దుతున్నాను. విసుక్కునే ఓపిక కూడా అయిపోయింది.

మూడో రోజు చీఫ్, నాకంటే పదేళ్లు చిన్నవాడు, వేరే వాళ్లు దిద్దిన కట్ట ఒకటి నా బల్ల మీద పెట్టాడు. ప్రశ్న సామాజిక ఒడంబడిక మీద. జనం తమ అధికారాన్ని పాలకుడికి అప్పగించి రాజ్యం ఏర్పరచుకున్నారంటుంది ఆ సిద్ధాంతం. ఇచ్చింది తిరిగి తీసుకోరాదని ఒక తత్వవేత్త అన్నాడు. పాలకుడు మాట తప్పితే దించవచ్చని తర్వాతి ఆయన అన్నాడు. ఆ కట్టలో ముప్పై ఆరుగురూ ఆ ఇద్దర్నీ తారుమారు చేశారు.

“అందరు ఒక్క తీరుగ రాసిండ్రు సార్. మాస్ కాపీయింగే. రిపోర్టు రాస్తున్న,” అన్నాడు. రిపోర్టు పోతే మొత్తం ఫలితాలు ఆపేస్తారు. ఫైనలియర్ పిల్లలకు ఏడాది పోతుంది.

రెండు వాక్యాలు చదివేసరికి తెలిసిపోయింది, వాళ్లు మా కాలేజీ పిల్లలే. అవి నేను క్లాసులో చెప్పిన వాక్యాలు. పాత నోట్సు దారం తెగి, ఒకాయన పేరు కిందికి మరొకాయన పేజీ వచ్చింది. నేను చూసుకోకుండా డిక్టేట్ చేశాను. కంచే చేను మేసిందంటే ఇదే.

ఊరుకుంటే ఎవరికీ తెలియదనీ అనిపించింది, అబద్ధమెందుకు? టీ తాగొచ్చి, తప్పు నాదని రాసి సంతకం పెట్టాను. మర్నాడు నోట్సు తెచ్చి చూపించాను. పిల్లలకు ఆ ప్రశ్నకు మార్కులు పోయాయి కానీ కాపీ కేసు తప్పింది. నాకు మెమో వచ్చింది.

తర్వాత టీసీల కోసం వచ్చిన పిల్లలకు తప్పు ఒప్పుకున్నాను. లక్సెట్టిపేట నుంచి వచ్చే పద్మ, క్లాసులో అందరికన్నా చురుకైన పిల్ల, తల వంచుకునే అంది.

“నాకెర్కనే సార్. బుక్కుల ఇంకో తీరుగున్నది. మీరు చెప్పిందే రాస్తె మార్కులొస్తయని రాసిన.”

మరి నన్నెందుకు అడగలేదమ్మా అన్నాను.

“ఫస్టియర్ల ఒకపారి అడిగిన. కూసోని రాసుకో అన్నరు.”

అన్నానో లేదో గుర్తులేదు. అనే ఉంటాను.

ఒకసారి అప్పగించాక జనం ఎదురు అడగరాదన్న సిద్ధాంతాన్ని ముప్పై ఏళ్లు నోట్సు అక్కర్లేకుండానే బోధించానని ఆ రోజు తెలిసింది. మిగిలిన రెండేళ్లు డిక్టేషన్ మానేసి, ప్రశ్నలుంటే అడగమన్నాను. ఎవరూ పెద్దగా అడగలేదు.