తీసేసే మనిషి

పొద్దున లేవగానే ఇంట్లో ఏం మాయమైందో చూసుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు రాత్రి ఎక్కడ పెట్టినవి పొద్దున అక్కడే ఉంటున్నాయి. ఆయన పోయారని నాకు రోజూ అలాగే తెలుస్తోంది.

మా ఆయన చిత్రకారుడు. ఆయనకున్నది ఒకటే పిచ్చి, ఉన్నదాన్ని తీసేయడం. అందరూ బొమ్మలో ఏం వెయ్యాలా అని ఆలోచిస్తారు, ఆయన ఏం తీసెయ్యాలా అని ఆలోచించేవారు. చెట్టు వేసేవారు. వారం తిరిగేసరికి ఆకులుండేవి కావు. ఆ పైవారం కొమ్మలు పోయేవి. చివరికి తెల్లటి గుడ్డ మీద నిట్టనిలువు గీత మిగిలేది.

ఒకసారి నీళ్ల మోటారు బాగుచెయ్యడానికి వచ్చినతను ఆ గీత వంక చాలాసేపు చూసి, ఇంకా మొదలుపెట్టినట్టు లేదే అన్నాడు. ఆయన చిన్నబుచ్చుకోలేదు. అయిపోయిందయ్యా, ఇంకొంచెం తగ్గించొచ్చంటావా అని సలహా అడిగారు. నా కూలి తప్ప ఏదైనా తగ్గించుకోండి అన్నాడతను.

తర్వాత ఆ పిచ్చి గుడ్డ దాటి ఇంట్లోకి వచ్చింది. ముందు నా పీట పోయింది. తర్వాత చెప్పుల స్టాండు, కిటికీ కింది పూలకుండీలు, పొట్టి బల్ల, చెక్కపెట్టె. అడిగితే గదికి ఊపిరాడుతోంది చూడు అనేవారు. గదికి ఆడేది, నాకే ఆడేది కాదు. ఆఖరికి హాల్లో నేనూ గోడలూ మిగిలాం. ఇక వంతు ఎవరిదా అని గోడల వంక చూసేదాన్ని. నలుగురిలో నవ్వుతూ చెప్పినా, లోపల ముల్లులా ఉండేది. ఏదీ అక్కర్లేని మనిషికి నేనూ అక్కర్లేదేమో. ఆయన ఉండగా ఆ మాట అడగలేకపోయాను. పోయాక ఎవర్ని అడగను?

మొన్న ఆయన బొమ్మలు పెట్టే గ్యాలరీ పెద్దమనిషి వచ్చాడు. ఖాళీ హాలు మధ్య నిలబడి, గొంతు తగ్గించి, ఈ ఇల్లే ఆయన చేసిన గొప్ప పని అన్నాడు. వస్తువుల మీద మమకారం తెంచుకున్న మనిషట. మా వదిన, అంటే ఆయన అక్క, పక్కనే ఉంది. అంతసేపు ఓపిక పట్టడమే గొప్ప.

"తెంచుకుని ఎక్కడ పెట్టాడనుకున్నారు? మా ఇంట్లో పెట్టాడు. నేను నా మంచం చేరాలంటే మా మరదలి చెక్కపెట్టె ఎక్కి దిగాలి."

నేను తెల్లబోయాను. వదిన నా వైపు తిరిగింది.

"నడుం పట్టేసి మంచాన పడ్డావు, గుర్తుందా అమ్మాయ్? నువ్వు లేచి తిరగ్గానే ఆ పీట పట్టుకొచ్చాడు. వంగి చేసే పని కనబడితే అది ఊరుకోదక్కా, ఆ పనే లేకుండా చెయ్యాలి అన్నాడు. దానికే చెప్పరా అన్నాను. చెబితే నడుం బాగానే ఉందని చూపించడానికి ఇల్లంతా తుడుస్తుందన్నాడు."

పెద్దమనిషి గొంతు సవరించుకుని, మరి బొమ్మల సంగతేమిటని అడిగాడు.

"అవి మాత్రం నిజంగా పిచ్చే," అంది వదిన.

నేను గదులన్నీ తిరిగి చూశాను. నిలబడి అందుకునే అరలన్నీ నిండుగా ఉన్నాయి. మోకాలికి దిగువన ఏమీ లేదు. రోజూ చూసే ఇల్లే, ఇప్పుడే చూసినట్టుంది.

సామాన్లు వెనక్కి పంపించనా అని వదిన వెళుతూ అడిగింది. ఇంకొన్నాళ్లు ఆ పెట్టె ఎక్కి దిగమన్నాను. నవ్వుకుంటూ వెళ్లింది.

తర్వాత చీపురు తీసుకుని పడకగదిలోకి వెళ్లాను. మంచం కింద దుమ్ము పేరుకుపోయింది. వంగబోయి, మళ్లీ నిటారుగా నిలబడ్డాను. చీపురు గోడకు ఆనించి వచ్చేశాను.